అంగుళం వదలని ఇల్లు

అక్క కట్టించుకున్న ఇంటిని చూసి చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఇల్లంటే ఎంత? పొడవు పదిహేనడుగులు, వెడల్పు ఎనిమిది. చెల్లెలు ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో మందుల గది ఇంతకంటే పెద్దది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వడానికి వచ్చిందా ఏమన్నానా? ఉద్యోగం అయిపోయింది, ఆసుపత్రి క్వార్టర్స్ నెలాఖరుకి ఖాళీ చేయాలి, వెనకా ముందూ ఎవరూ లేరు. “నేనూ నీతోనే ఉంటానక్కా” అని ఒక్క ముక్క అడిగేద్దామని పెట్టె సర్దుకుని వచ్చింది. ఆ ముక్క దారి పొడవునా నాలుక మీదే ఉంది. గుమ్మం చూడగానే గొంతులోకి దిగిపోయింది.

అక్క దర్జీ. చేయి తిరిగిన దర్జీ. ఈ చెక్క ఇంటిని కూడా చొక్కా కుట్టినట్టే కట్టించింది. అంతకుముందు నెల్లాళ్ళు తనను తానే కొలుచుకుందట. కూర్చుంటే మోకాలు ఎంత ఎత్తు, చెయ్యి చాపితే ఎంత దూరం, పొద్దున్నే లేచి పొయ్యి దగ్గరికి ఎన్నడుగులు వేస్తుంది, అన్నీ రాసుకుంది. ఆ కాగితం వడ్రంగి చేతిలో పెట్టి, అంగుళం ఎక్కువైనా ఊరుకునేది లేదంది. పాపం, ఆయన అలాంటి మనిషిని పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అక్క టీ పెడుతుంటే చెల్లెలు ఇల్లంతా ఆరా తీయడం మొదలుపెట్టింది. మెట్టు ఎత్తితే లోపల చెప్పులు. మంచం కింద సొరుగులో నాలుగు జతల బట్టలు, పక్క సొరుగులో దారపు ఉండలు. కుట్టుమిషను మీద మూత వేస్తే అదే భోజనాల బల్ల. చూసేకొద్దీ సరదా వేసింది.

“ఇందులో ఏముందక్కా?”

“దుప్పటి.”

“ఇంకోటి లేదూ? చలేస్తే?”

“చలేస్తే కోటు వేసుకుంటా. కోట్లు కుట్టేదానికి కోటుకి కరువా?”

కుర్చీ ఒకటి. పళ్ళెం ఒకటి. తలుపు వెనక కొక్కెం ఒకటి. సరదా కాస్తా బెంగగా మారింది. పైకి మెచ్చుకుంటోందే గానీ, తన దువ్వెన పెట్టుకునే చోటైనా దొరుకుతుందా అని వెతుకుతోంది చెల్లెలు. గ్లాసు కూడా ఒకటే. అందులో చెల్లెలికి టీ ఇచ్చి, అక్క గిన్నెతోనే తాగింది.

“వచ్చిన దగ్గర్నుంచి ఏం వెతుకుతున్నావే?”

“ఏం లేదు. ఒకటి అడగనా? నువ్వు ఎవరి చొక్కా కుట్టినా, కుట్టు లోపల అంగుళం గుడ్డ వదులుతావు. రేపు ఒళ్ళొస్తే విప్పుకోవచ్చంటావు. మరి ఇంటికెందుకు వదల్లేదు?”

అక్క గిన్నె కింద పెట్టింది. ఈ ప్రశ్న ఆవిడను వడ్రంగి కూడా అడగలేదు.

“ఊరందరికీ వదులుతాను” అంది. “నాకింక పెరిగేదేముందిలే అనుకున్నా.”

ఎంతటి చెడ్డ కబురైనా గొంతు వణక్కుండా చెప్పిన నర్సమ్మ, రెండు ముక్కలు అడగడానికి ఖాళీ గ్లాసుని మూడుసార్లు ఎత్తి దించింది.

“నేనిక్కడ పట్టనా అక్కా?”

“పట్టవు.”

అంతే. చెల్లెలు తల వంచుకుని పెట్టె అందుకుంది.

“కూర్చో” అంది అక్క. “పట్టవన్నాను గానీ పొమ్మన్నానా? ఈ మాట అడగడానికి ఇంతసేపా? సాయంత్రమైతే పలకరించే దిక్కులేక మిషనుతో మాట్లాడుతున్నానే నేను.” అలా అనేసి, ఏడుపొస్తుందేమోనని గబుక్కున లేచి, గోడ దగ్గరికెళ్ళి వేలి కణుపులతో తట్టి చూసింది. “రేపు వడ్రంగిని పిలుద్దాం. ఈ గోడ విప్పించి నాలుగడుగులు అవతలికి జరిపిద్దాం. అందాకా నువ్వు మంచం మీద, నేను కింద.”

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. ఆసుపత్రిలో మంచాలు వేసీ తీసీ ఆరితేరిన మనిషాయె, కొలత చూడగానే తెలిసిపోయింది.

“నా మంచానికి మూడడుగులు చాలక్కా. నాలుగో అడుగు ఎవరికి?”

“ఏమో” అంది అక్క. “ఇప్పుడే ఎలా తెలుస్తుంది?”