ఈ వారం ఒకే విశేషం

కుటుంబం గ్రూపులో ఆమె పేరు లింకులమ్మ. పెట్టింది మొగుడే. కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసే పని ఆమెది. మిషను నీళ్ళు చిమ్ముకుంటూ ఒక్కో అద్దాన్ని ఫ్రేము ఆకారానికి తెచ్చేలోపు ఆమెకు కాస్త తీరిక దొరికేది. ఆ తీరికలో ఫోను పట్టుకుని ఇంటర్నెట్టంతా గాలించేది. అందరూ గాలిస్తారు, అందులో గొప్పేముంది అంటారా? గొప్పే మరి. మిగతావాళ్ళు దొరికిన చెత్తను దొరికినట్టే గ్రూపులో పారబోస్తారు. ఈవిడ వారమంతా ఏరి, చెరిగి, ఆదివారం పొద్దున్న మూడో నాలుగో పెట్టేది. మంచు పడిన ఇంటికప్పు మీద డబ్బామూత వేసుకుని జారుడుబండ ఆడుకునే కాకి. రేకుల మీద, పెంకుల మీద, గొడుగు మీద వాన చప్పుడు వేరువేరుగా వినిపించే సైటు. ఎక్కడెక్కడి రైల్వే స్టేషన్ల ప్రకటనలన్నీ రికార్డు చేసి దాచుకున్న పెద్దమనిషి. ఒక్కోదాని కింద సొంతంగా రెండు ముక్కలు రాసేది. ఆ రెండు ముక్కల కోసమే అందరూ చూసేవాళ్ళు. లింకులు తెరిచిన పాపాన పోయినవాళ్ళు తక్కువ.

చివర్లో ‘విశేషాలు’ అని శీర్షిక పెట్టి ఇంటి సంగతులు రాసేది. కుళాయి మళ్ళీ కారుతోంది. జుట్టు కత్తిరించుకున్నాను, ఒక్కరైనా గుర్తుపడితే ఒట్టు. మా ఆయన లిఫ్టులో ఇరుక్కుపోయాడు, లిఫ్టులు బాగుచేసే మనిషే! ఈ చివరిది చదివి అత్తగారు తలుచుకున్నప్పుడల్లా నవ్వేది.

ఆ శీర్షిక ఊరికే పెట్టుకున్నది కాదు. పెళ్ళయిన రెండో ఏటి నుంచీ ఎవరు ఫోను చేసినా చివర్లో గొంతు తగ్గించి “ఏమైనా విశేషమా?” అని అడిగేవాళ్ళు. అమ్మ అడిగేది, అత్తగారు అడిగేది, ఏడాదికోసారి పలకరించే పిన్ని కూడా అడిగేది. కోడలిపిల్లను అలా అడిగితే ఏం అడిగినట్టో మనందరికీ తెలుసు. కడుపు పండిందా అని. అడిగి అడిగి ఆమె ప్రాణం తోడేశారు. “విశేషాలన్నీ ఆదివారం గ్రూపులో పెడతాగా, చూసుకోండి!” అని ఒకసారి విసురుగా అనేసింది. అన్నమాట ప్రకారం ఆ ఆదివారమే మొదలుపెట్టింది. కుళాయిలూ కుక్కర్లూ కుప్పపోసి ఆ మాట పీక నొక్కేద్దామనుకుంది. నొక్కగలిగింది కూడా. మెల్లగా అందరూ అడగడం మానేశారు.

ఎవరికీ తెలియనిదేమిటంటే, మొగుడూ పెళ్ళాలు ఇన్నేళ్ళుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సూదులూ, మాత్రలూ, బోలెడంత ఆశ. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. మొన్నామధ్య డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “ఇక వద్దమ్మా, నీ ఒళ్ళు తట్టుకోదు” అని తేల్చి చెప్పేసింది. ఆ రోజు నుంచి అతను ఇంట్లో ఉన్నా లేనట్టే ఉన్నాడు. గురువారం బట్టలు సర్దుకున్నాడు.

“నీ మీద కోపం కాదు. ఈ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదు. నిన్ను చూస్తే అదే గుర్తొస్తోంది,” అన్నాడు.

“నన్ను చూస్తే నేను గుర్తుకు రానా?”

అతను సంచీ జిప్పు లాగాడు. మళ్ళీ వస్తావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు.

ఆమె దుకాణానికి వెళ్ళింది, అద్దాలు అరగదీసింది, ఇంటికి వచ్చింది. అమ్మకు చెబుదామని ఫోను తీసేది, మళ్ళీ పెట్టేసేది. చివరికి ఆదివారం వచ్చింది. కష్టమైనా సుఖమైనా చెప్పుకోవడానికి ఆమె అలవాటు చేసుకున్న చోటు ఒకటే కదా. ఆ వారం ఏరిపెట్టిన లింకులేం లేవు. నేరుగా శీర్షిక దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ నాలుగు సంగతులుండేవి, ఇప్పుడు ఒక్కటే ఉంది. మనిషిది లెక్క తప్పని చెయ్యి. ఒక్కదానికి ‘లు’ ఎందుకని తీసేసింది.

‘ఈ వారం ఒకే విశేషం. ఫోన్లో చెప్పలేను. అమ్మా, వీలైతే రా.’

పంపేసి, ఫోను బల్ల మీద బోర్లించి, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని కడుపారా ఏడ్చింది.

అయ్యో నా తల్లీ! ఊళ్ళోవాళ్ళ అచ్చుతప్పులన్నీ దిద్దే దానివి, ఆ ఒక్క అక్షరం ఏం చేస్తుందో తెలియలేదా? ‘లు’ ఉంటే కుళాయి, ‘లు’ లేకపోతే బిడ్డ!

బయటికి వచ్చేసరికి ఫోను బల్ల మీద గిలగిల్లాడుతోంది. పిన్ని రాసింది: ‘ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!’ తమ్ముడు రాశాడు: ‘అక్కా! నేను మేనమామనైపోతున్నానా?’ అమ్మ రాసింది: ‘బయల్దేరుతున్నా. పుల్లపుల్లగా ఏమైనా తినాలనుందా?’ అత్తగారు రాయలేదు, మాట్లాడి పంపింది. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. “నా బంగారు తల్లీ, కాలు కింద పెట్టకు. ఇంటి పనంతా వాడి చేత చేయించు. విన్నావా?”

ఆమెకు ముందు ఏమీ అర్థం కాలేదు. పైకి జరిపి తను రాసింది తనే చదువుకుంది. అప్పుడు అర్థమైంది. ‘కాదు’ అని రాసి చెరిపేసింది. మళ్ళీ రాసింది. ఇంతలో తలుపు దబదబా మోగింది.

అతను. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక మెట్లన్నీ ఎక్కి వచ్చాడు, ఆయాసంతో మాట రావట్లేదు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

“నిజమేనా?” అన్నాడు. “డాక్టరు తప్పు చెప్పిందన్నమాట! నిలబడకు, కూర్చో, కూర్చో ముందు.”

ఆమెను భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. “బుద్ధి గడ్డి తిని వెళ్ళానే. సాయంత్రానికల్లా బట్టలు తెచ్చేసుకుంటా,” అన్నాడు. వంటగదిలోకి పరుగెత్తి టీ పెట్టాడు. గిన్నె ఎక్కడుందో అతనికి ఎప్పుడూ తెలియదు, ఇవాళ అడగకుండా వెతుక్కున్నాడు. ఆ చప్పుళ్ళు వింటూ ఆమె అలాగే కూర్చుంది. గురువారం నుంచీ ఆమె కోరుకున్నది ఈ చప్పుళ్ళే. నోరు మూసుకుంటే సాయంత్రం దాకా ఉంటాడు. రేపటి దాకా కూడా ఉంటాడు. అలా ఆలోచించిందండీ, ఆలోచించలేదని నేను బుకాయించను. ఆమె స్థానంలో ఉంటే మీరూ ఆలోచిస్తారు.

టీ చేతికిచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు. “ఎప్పుడు తెలిసింది?” అన్నాడు.

“గురువారం.”

“నేను వెళ్ళాకా?”

“నువ్వు వెళ్తున్నప్పుడే.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా పిచ్చిదానా!”

అతని మొహం అంత వెలుగుతూ ఆమె ఎన్నాళ్ళుగా చూడలేదో. ఆ మొహం చూస్తూ ఇంకో గుక్క తాగింది. ఇంక అబద్ధం ముందుకు సాగలేదు.

“నీకు తెలుసు కాబట్టి చెప్పలేదు. ఆ విశేషం నువ్వే. నువ్వు వెళ్ళిపోయావని చెప్పుకోవడానికి అమ్మని రమ్మన్నాను. నా కడుపులో ఏమీ లేదు.”

అతను బల్ల మీది ఫోను వైపు చూశాడు. “మరి వాళ్ళంతా...”

“వాళ్ళు పొరబడ్డారు. నువ్వూ పొరబడ్డావు.” గ్లాసు కింద పెట్టింది. “ఒక్కటి చెప్పు. నా కోసం కొంచెమైనా వచ్చావా?”

అబద్ధం ఆడితే ఎవరి సొమ్ము పోయేది? అవునని ఒక్క ముక్క అంటే ఆమె దాంతో పదేళ్ళు బతికేసేది. కానీ అతను అబద్ధాలాడే మనిషి కాదు, అదే అతనితో వచ్చిన చిక్కు. నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు.

గుమ్మం దగ్గర ఆగి, “మా అమ్మకి ఎవరు చెప్తారు?” అన్నాడు.

“నేను చెప్తాలే.”

అమ్మయ్య అనుకున్నట్టు అతని భుజాలు దిగాయి. ఆమె అది చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

అతను వెళ్ళాక ఆమె ఆలస్యం చేయలేదు, అత్తగారికి ఫోను చేసింది. మొదటి రింగుకే ఎత్తిందావిడ.

“అత్తయ్యా, ఒకసారి కూర్చోండి.”

“నేను కూర్చోవడమేంటే, నువ్వు కూర్చో! వాడేడి, పక్కనే ఉన్నాడా?”

“లేడత్తయ్యా. మీ అబ్బాయి గురువారం నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు.”

మంచి మనిషే ఆవిడ, కోడల్ని ఏనాడూ పరాయిగా చూడలేదు. ఊపిరి తీసుకుని, భయం భయంగా అడిగింది.

“మరి బిడ్డో?”

“లేదత్తయ్యా,” అంది ఆమె. “ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.”