భార్య సమ్మతి

తెల్లచొక్కా కాలరును మూడోసారి ఇస్త్రీ చేస్తున్నాను. ముడత పోలేదని ఆయన రెండుసార్లు వెనక్కి ఇచ్చారు.

"ఇవాళ ఫాదర్ నిన్ను విడిగా పిలుస్తారు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. నీ సొంత పైత్యం కలపకు," అన్నారు, అద్దంలోంచి నన్ను చూస్తూ.

యాభై ఏడేళ్ళ వయసులో మా ఆయనకి దేవుడి పిలుపు వచ్చింది. డీకన్ అవుతారట. పెళ్ళయినవాళ్ళు మా కథోలిక గుడిలో ఫాదర్లు కాలేరు గానీ డీకన్లు కావచ్చు. సువార్త చదవచ్చు, ప్రసంగం చెప్పవచ్చు, పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇవ్వచ్చు. ఒకటే మెలిక. భార్య రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

"ఆవిడకేం అభ్యంతరం ఉంటుంది ఫాదర్!" అని మొదటిరోజే చెప్పేశారు. నేను ఆ పక్కనే టీ కప్పులు తీస్తున్నాను.

ఆయన పిలుపు అబద్ధం కాదు. శనివారం శనివారం వృద్ధాశ్రమానికి వెళ్ళి ముసలివాళ్ళకు గోళ్ళు కత్తిరిస్తారు. పక్షవాతం వచ్చిన ఒక తాతకు ఒళ్ళు తుడుస్తున్నప్పుడు ఆయన ముఖం చూశాను. అంత మెత్తటి ముఖం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటికొస్తే తిన్న కంచం తిన్నచోటే వదిలి లేస్తారు. దారిలో ఆ ముఖాన్ని ఎక్కడ విప్పేసి వస్తారో ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు అంతుపట్టలేదు.

ఆయన ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఒకసారి మా ఆడపడుచు ముందు, "ఆ పెళ్ళి బుధవారం కాదండీ, మంగళవారం," అన్నాను. అంతే. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. పెడితే తినేవారు, ఇస్తే తాగేవారు. గదిలోంచి వెళ్తూ లైటు ఆర్పేసేవారు, నేను లోపల ఉండగానే. చీకట్లో బట్టలు మడతపెడుతూ, నేనసలు ఉన్నానా అని నా చేతిని నేనే గిల్లుకున్న రోజులున్నాయి. కాళ్ళావేళ్ళా పడ్డాను, మంగళవారం కాదు బుధవారమే అని కూడా ఒప్పుకున్నాను. "మావాడు బంగారం. కొట్టడు, తిట్టడు. నీకేం తక్కువ?" అనేవారు మా అత్తగారు. ఏం తక్కువో నాకూ తెలిసేది కాదు. వీధి మలుపులో స్కూటర్ చప్పుడు వినబడితే మాత్రం ఏం తప్పు చేశానా అని ఇల్లంతా ఒకసారి చూసుకునేదాన్ని. టైపిస్టు ఉద్యోగానికి నా రాజీనామా ఆయనే రాశారు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. పెట్టాను.

ఫాదర్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి సిలువ. ఫాదర్ పెద్దాయన, చెవికి వినికిడి మిషను. కాగితం నా ముందుకు జరిపి పెన్ను మూత తీసి ఇచ్చారు.

"తొందరేం లేదమ్మా. ఇది మీకు నిజంగా ఇష్టమేనా? మీరు వద్దంటే ఇక్కడితో ఆగిపోతుంది. బిషప్పుగారు కూడా ఏం చెయ్యలేరు."

తలుపు కింద సందులో ఆయన బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వద్దంటే దేవుడి పనికి అడ్డం పడినదాన్ని అవుతానా? సరే అంటే ఇక ప్రతి ఆదివారం మొదటి వరసలో కూర్చోవాలి. ఆయన అంత ఎత్తున నిలబడి ప్రేమ గురించి చెప్తుంటే తలూపాలి. ఆ తర్వాత నేను నోరు విప్పినా నమ్మే మనిషి దొరకడు.

"భయంగా ఉంది ఫాదర్."

"దేనికమ్మా? సేవలో పడి ఆయన ఇల్లు పట్టించుకోరనా?"

"కాదు. ఈ సంతకం పెట్టకపోతే, ఆయనతో కలిసి ఇంటికి వెళ్ళాలి కదా."

ఫాదర్ సరిగా వినలేదనుకున్నారు. మిషను సర్దుకుని మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

బయట బూట్లు ఆగిపోయాయి.

ఫాదర్ కాగితాన్ని మెల్లగా తనవైపు లాక్కున్నారు. "మీ పేరు రానివ్వను. మా వైపు నుంచే వాయిదా పడిందని చెప్తాను," అన్నారు.

ఆ మాట ఎంత హాయిగా ఉందో! అలాగే చెప్పండి ఫాదర్ అని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఈ రాత్రి గడిచిపోతుంది. వచ్చే నెల ఇదే కాగితం మళ్ళీ వస్తుంది.

"వద్దు ఫాదర్. నేనే చెప్తాను. మీరు తలుపు తెరిచి ఉంచండి, చాలు."

నేను బయటికి రాగానే ఆయన చెయ్యి చాచారు, కాగితం కోసం. "అయిందా?"

"లేదండీ. సంతకం పెట్టలేదు."

"ఎందుకట?" గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనం ఇంటిదాకా వచ్చి ఏమవుతుందో నాకు తెలుసు. గోడ పట్టుకున్నాను.

"మీరంటే నాకు భయమండీ. అది పోయిన రోజు పెడతాను. ఇవాళ మా అక్క ఇంటికి వెళ్తున్నాను."

ఆయన ఏదో అనబోయారు. వినడానికి ఆగలేదు. ఆగితే ఇక వెళ్ళలేను.