పూర్ణిమ మొక్కు

మా అన్నయ్య గోపీనాథ్ నా వైద్యానికి పెట్టిన పేరు గాలి వైద్యం. నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలో నేను ప్రాణశక్తి చికిత్స చేస్తాను. మనిషిని కళ్లు మూసుకుని పడుకోమని, ఒంటికి కాస్త ఎడంగా చేతులు ఉంచి, ఊపిరి కుదుటపడేదాకా పక్కన కూర్చుంటాను. నా చేతుల్లో ఏ శక్తి ఉందో ప్రమాణం చేసి చెప్పలేను గానీ, వెళ్లేటప్పుడు వాళ్ల ముఖాలు తేటగా ఉంటాయి. అన్నయ్య మాత్రం వచ్చినప్పుడల్లా, "ఏమే, ఇయ్యాళ ఎంతమందికి గాలి కొట్టావు?" అని నవ్వేవాడు.

అలాంటివాడు ఒక రోజు పొద్దున్నే భార్యనీ చిన్నకూతురినీ కారెక్కించుకుని మా ఇంటికి వచ్చాడు.

"పూర్ణిమకి నీ వైద్యం చెయ్యి నీరజా," అన్నాడు. "నీ దాంట్లో మింగేదేం ఉండదు గదా. మొక్కు చెడదు."

ఆ మొక్కు సంగతి మా చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. అన్నయ్య సర్పంచిగా నిలబడ్డ రోజుల్లో, డిగ్రీ చదువుతున్న పూర్ణిమ కంచం ముందు నుంచి ఊరికే లేచిపోతుంటే యశోద వదిన నిలదీసింది. నాన్న గెలిస్తే ఆయన పదవిలో ఉన్నంతకాలం అన్నం ముట్టనని పోలేరమ్మకు మొక్కుకున్నానని, ఇప్పట్నుంచే మానేస్తున్నానని ఆ పిల్ల చెప్పింది. మొక్కుకున్న మనిషిని తినమని బలవంతపెట్టే ధైర్యం మా ఇళ్లలో ఎవరికీ లేదు. అన్నయ్యకు ఆనందం పట్టక ప్రచారం మైకులో చెప్పేశాడు. నకరికల్లు దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు వరస కట్టి వచ్చి పిల్ల కాళ్లకు పసుపు రాసి వెళ్లారు. అన్నయ్య గెలిచాడు. అన్నం తర్వాత చపాతీ పోయింది, ఆ తర్వాత పాలు కూడా పోయాయి. పిల్ల చిక్కిపోతుంటే అందరూ భక్తి ముదిరిందని మురిసిపోయారు. నాకు ఒళ్లు మండి అడిగితే, దేవుడి విషయంలో నోరు పెట్టమాకని అన్నయ్య కసిరాడు.

పూర్ణిమను లోపల మంచం మీద పడుకోబెట్టాను. ఎండలు మండిపోతుంటే స్వెట్టర్ వేసుకుని ఉంది. అది తీయించి చూశాను. చేతుల మీద పసిపిల్లలకు ఉండే నూగు మొలిచింది, వేళ్లు చన్నీళ్లలో నుంచి తీసినట్టున్నాయి. ఎడంగా ఉంచాల్సిన చేతులు నాకు తెలియకుండానే ఆమె వీపు మీద ఆనించాను. చాలాసేపటికి ఊపిరి నెమ్మదించింది.

"ఆకలేస్తుందా తల్లీ?" అన్నాను.

"ముందు ఏసేది అత్తా. ఇప్పుడు అన్నం చూస్తే భయమేస్తది. ఒక్క ముద్ద తిన్నా ఒళ్లంతా ఉబ్బినట్టుంటది." నా చెయ్యి పట్టుకుని, "నాన్నకి చెప్పమాక," అంది.

లేచి నిలబడబోయి నా మీదికి ఒరిగిపోయింది. ముఖం మీద నీళ్లు చల్లి, వదినను పక్కన కూర్చోబెట్టి బయటికి వచ్చాను.

"అన్నయ్యా, ఇది నా చేతుల్లో అయ్యేది కాదు. గుంటూరు పోదాం. గుండె చూపియ్యాలి, మనసు డాక్టర్‌కీ చూపియ్యాలి. తిండంటే భయపడే జబ్బు ఇది. దీనికి వైద్యం ఉంది."

"సెలైన్ పెడతారు, గొట్టమేసి పాలు పోస్తారు. మొక్కు చెడిపోయి పిల్లకేమన్నా అయితే?" అన్నాడు. పదవి పోతుందని భయం కాదు, అమ్మవారు బిడ్డను తీసుకుపోతుందని భయం. "ముందు మన ఊరు పోదాం. ఆ మొక్కు నా మీద ఏసుకుంటా. ఆ తర్వాత ఎక్కడికన్నా పోదాం."

గుంటూరు ఒకవైపు, మా ఊరు ఇంకోవైపు. కోపం నషాళానికి అంటింది. ఎంత అరిచినా ఆయన వినలేదు. చేసేది లేక పూర్ణిమ తల ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

పోలేరమ్మ గుడి ముందు అన్నయ్య చెప్పులు విడిచి కర్పూరం వెలిగించాడు. రోజూ ఇన్సులిన్ పొడుచుకునే మనిషి.

"తల్లీ, పిల్ల మొక్కు నేను మోస్తా. ఇయ్యాళ్టి నుంచి అన్నం, చపాతీ, పాలు అన్నీ నేను మానేస్తా. బిడ్డని వదిలెయ్."

"మీకు షుగరండీ," అని వదిన ఏడ్చింది. ఆయన వినిపించుకోలేదు.

పూర్ణిమ కారు తలుపు పట్టుకుని దిగింది. "నాన్నా, అట్టా అనమాక. మొక్కు లేదు."

అన్నయ్య వెనక్కి తిరిగాడు.

"నేను మొక్కుకోలేదు. అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలవక అన్నా. అక్క పెళ్లి వీడియోలో నన్ను చూసి అందరూ నవ్వారు. అప్పట్నుంచి మానేశా. మొదట్లో బాగుండేది. ఇప్పుడు తిందామన్నా నా వల్ల కావట్లేదు నాన్నా."

"గెలిచినాకన్నా చెప్పకపోయావా అమ్మా?"

"నువ్వు ఊరందరికీ చెప్పావు గదా. అందరూ వచ్చి కాళ్లకి పసుపు రాశారు. ఇంకెట్టా చెప్పను?"

అన్నయ్య అరుస్తాడేమోనని నేను అడ్డం వెళ్లాను. ఆయన నన్ను పక్కకు జరిపి, కూతురి ముఖం తన తువ్వాలుతో తుడిచాడు.

"నీకు చెప్పే సందు లేకుండా చేశా గదమ్మా," అన్నాడు.

ఎత్తుకుని కార్లో కూర్చోబెట్టాడు. చేతులకు బరువే తెలియలేదని తర్వాత నాతో చెప్పి ఏడ్చాడు.

గుంటూరులో డాక్టరమ్మ చూసి, గుండె బాగా నెమ్మదించిందని, ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని వార్డులో చేర్చుకుంది. తిండి కొంచెం కొంచెంగా పెంచారు. మనసు విప్పి మాట్లాడించడానికి ఒక కౌన్సెలర్ వచ్చేది. నా చికిత్స సంగతి అడిగితే డాక్టరమ్మ నవ్వలేదు. "మందులూ, తిండీ, కౌన్సెలింగూ మానకుండా అదీ చేసుకోండి. తినేముందు భయం తగ్గితే ఆ అమ్మాయికి మంచిదే," అంది.

ఊళ్లో ఆడవాళ్లు మొక్కు మధ్యలో వదిలేశారా అని అడిగితే అన్నయ్య, "మొక్కు కాదమ్మా, జబ్బు. నాకే తెలవలేదు," అని చెప్పేవాడు. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడ కరిగిపోయింది.

పూర్ణిమ ఇంటికి వచ్చాక అంతా సాఫీగా ఏమీ లేదు. ఒకసారి ఇడ్లీలు కిటికీలోంచి పారేసింది, ఒకసారి అద్దం పగలగొట్టింది. మళ్లీ గుంటూరు తీసుకెళ్లాం, మళ్లీ మొదలుపెట్టాం. జుట్టు ఊడటం ఆగింది. కాలేజీకి వెళ్తానంది.

మొన్న ఆదివారం నేను వాళ్లింట్లోనే భోజనానికి ఉన్నాను. వదిన దోసకాయ పప్పు వడ్డించింది. పూర్ణిమ కంచం వైపు చూస్తూ కూర్చుంది. అన్నయ్య చెయ్యి కడుక్కుని కూడా ముద్ద ముట్టకుండా కూతుర్నే చూస్తున్నాడు.

"నాన్నా, నువ్వు అట్టా చూడమాక. నాకు ఇంకా భయం పోలేదు. నీ అన్నం నువ్వు తిను, నాది నేను తింటా," అంది.

అన్నయ్య గబగబా తల దించుకుని పప్పన్నం కలిపాడు. పక్కన పూర్ణిమ కూడా కలిపింది.