దానికి ఇది చాలు

నల్లగుడ్డ కింద పాత తోలు వాసన. తన ఊపిరి వేడి తనకే తిరిగి తగులుతోంది.

గుడ్డ కింద చీకటి. చీకటి చివర గరుకు గాజు. గాజు మీద రెండు అరచేతులంత వెలుతురు — ఆ వెలుతురులో ఒక కుటుంబం తలకిందులుగా వేలాడుతోంది.

కుర్చీలో పెదనాన్న. పక్క కుర్చీలో పెద్దమ్మ. వెనక అన్నయ్య, వదిన. అందరి కాళ్ళూ పైన. అందరి తలలూ కింద.

"కదలకండి," అంది గుడ్డ లోపల్నుంచి.

వాళ్ళు కదల్లేదు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లేది ఆ ఒక్క క్షణమే.

స్టూడియోకి అదే ఆఖరి రోజు. ఆఖరి ఫోటో ఇంటివాళ్ళదే కావాలని పెదనాన్న కోరిక. తీస్తున్నది ఆయన తమ్ముడి కూతురు. తీసేవాళ్ళు ఫోటోలో ఉండరు. అది ఎవరి తప్పూ కాదు, కెమెరా అలాంటిది.

కానీ ఆమె తల్లిని ఎవరూ పిలవలేదు.

అది కెమెరా తప్పు కాదు.

"షెడ్డు నుంచి ఆ సబ్బుకంపుతో ఎలా వస్తుందే?" అంది పెద్దమ్మ, అడక్కముందే.

*

తండ్రి పోయిన ఏడాదే తల్లి ఆస్పత్రి బట్టలుతికే షెడ్డులో పనికి చేరింది. కూతురు పెదనాన్న స్టూడియోలో చేరింది. ఎర్ర బల్బు కింద, మందునీళ్ళ తొట్ల ముందు, తెల్ల కాగితం మీద ఎవరెవరి మొహాలో మబ్బులోంచి వచ్చినట్టు మెల్లగా తేలడం చూస్తూ పెరిగింది. ఇంట్లో అందరూ ఆమెను చీకటమ్మ అన్నారు. ముద్దుకే అన్నారట.

చదువు ఇంకా ఎందుకు? పదో తరగతి చాలు దానికి.

ముందు గదిలో జనంతో మాటలెందుకు? డార్క్ రూమ్ చాలు దానికి.

పెదనాన్న చేతులు వణకడం మొదలైంది. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో, బడి పిల్లల గ్రూపుల ముందు, కెమెరా వెనక నిలబడ్డది ఆమే. ఫోటో వెనక ముద్ర మాత్రం పెదనాన్న పేరుతోనే పడేది.

పని ఉంది కదా, మళ్ళీ పేరెందుకు? పని చాలు దానికి.

చాలు...

ఎంత చిన్న మాట! మొహం మీద వేసినప్పుడు ఎంత బరువైన తలుపు!

*

స్టూడియోలో పెద్ద కెమెరాలు రెండు.

ఒకటి అపురూపం. ఎర్రచెక్క ఒళ్ళు. ఇత్తడి కీళ్ళు. దానిమ్మ గింజ రంగు తోలు తిత్తి — ముందుకి లాగితే నిద్ర లేచిన జంతువులా ఒళ్ళు విరుచుకుంటుంది. చేసినవాడు కొన్నే చేసి కళ్ళు మూశాడట. లోకం మొత్తం మీద ఇప్పుడు అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చట. దాని కొలతకు ఫిల్మ్ ఎవరూ చెయ్యరు. పెద్ద షీట్లు తెచ్చి, చీకట్లో, తడుముకుంటూ కత్తిరించుకోవాలి.

కత్తిరించింది ఎవరు? ఆమె.

ఒకప్పుడు తిత్తి మడతలో చిల్లు పడి, తీసిన ప్రతి ఫోటో మీదా తెల్లమచ్చ వచ్చేది. లోపలికి వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, పలచటి నల్లతోలు ముక్క అతికించింది ఎవరు?

దాని లెన్స్ అంటే ఆమెకు ప్రాణం. మనిషి కళ్ళ దగ్గర బొమ్మ కత్తి అంచులా ఉంటుంది. చెవుల దగ్గరకొచ్చేసరికి పొగమంచు. చూసినవాళ్ళు అది ఫోటో అనరు, జ్ఞాపకం అంటారు.

రెండోది మామూలుది. బూడిద రంగు ఇనప ఒళ్ళు. మూలల్లో సొట్టలు. అలాంటివి వేలకు వేలు చేశారు. ప్రతి ఊళ్ళో, ప్రతి స్టూడియోలో, ప్రతి ఆఫీసు బీరువాలో ఒకటి ఉండేది. ఏ భాగం పోయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఫిల్మ్ దొరుకుతుంది. కింద పడితే లేచి దులుపుకుని పని చేస్తుంది. దాన్ని చూసి ఎవరూ ఆగరు. దానిలోంచి చూస్తే మాత్రం వెనక వరసలో నిలబడ్డ మనిషి రెప్పవెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

ఆమెకు కావలసింది అదే. ఆ బూడిద రంగుదే.

అదే రోజు సాయంత్రంతో అమ్మ పనిచేసే షెడ్డు కూడా మూసేస్తున్నారు. ఇకనుంచి ఆస్పత్రి బట్టలు లారీలెక్కి ఎక్కడికో పోతాయి, ఏవో పెద్ద యంత్రాలు ఉతుకుతాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు అంతకుముందు వారం ఆమెను పట్టుకున్నారు.

"ఫోన్‌లో వద్దే తల్లీ. ఫోన్‌లోది ఫోన్‌తోనే పోతుంది. మీ పెట్టెతో తియ్యి. అందరం పడాలి. వెనకున్నదాని మొహం కూడా మొహంలా ఉండాలి, మచ్చలా కాదు."

తీస్తానని మాటిచ్చింది. ఆ వరసలో అమ్మ ఉంటుంది. ఊళ్ళో సగం మంది పెళ్ళి ఫోటోలు తీసిన స్టూడియోలో అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు.

అందుకే ఆ పొద్దున, బూడిదది తనకిమ్మని అడగాలని గొంతు సవరించుకుని వచ్చింది.

అడిగే అవకాశం రాలేదు.

*

ఇంటివాళ్ళ ఫోటో అయిపోయింది. పెదనాన్న కుర్చీలోంచి లేవలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ వేసి, ఆ చేతుల వణుకు కర్రకు అప్పజెప్పి అన్నాడు:

"ఆ ఇత్తడిది అబ్బాయికి. ఈ బూడిదది అమ్మాయికి. దానికి ఇది చాలు."

అంతే. ఏ గిన్నె ఏ గూట్లో పెట్టాలో చెప్పినట్టు.

కోరుకున్నదే దొరికింది. నోరు తెరవకముందే దొరికింది. సంతోషపడాలి కదా?

ఒళ్ళు భగ్గుమంది.

ఇష్టంగా తినబోయేదాన్నే ముందుకు తోసి, మిగిలిపోయిందిలే, తినెయ్ అన్నట్టు ఉంది. అదే అన్నం. అదే పళ్ళెం. గొంతు దిగదు.

అన్నయ్యకు లైట్ల షాపు ఉంది. రంగురంగుల బుడ్డీలు, వేలాడే గాజులు. అతను ఇత్తడి కెమెరా చుట్టూ ఒకసారి తిరిగాడు. తిత్తిని వేలితో పొడిచి చూశాడు.

"షాపు గుమ్మానికి ఎదురుగా పెడతా. లోపల పసుపు బల్బు వేస్తే... ఆ కంట్లోంచి వెలుతురు వస్తుంటే చూడాలి! రోడ్డు మీద పోయేవాడు ఆగిపోవాల్సిందే."

"దీపం చేస్తావా దాన్ని?" అంది ఆమె.

"మరి? కూర్చుని ఫోటోలు తియ్యమంటావా?"

వదిన నవ్వింది. పెద్దమ్మ నవ్వింది. పెదనాన్న నవ్వలేదు. వద్దని కూడా అనలేదు.

వెలుతురు లోపలికి రావడానికి చేసిన పెట్టె అది. ఒక్క చుక్క వెలుతురు — కొలిచినట్టు, పిలిచినట్టు, లెన్స్ లోంచి మాత్రమే రావాలి. మిగతా లోకమంతా వెలుగుతున్నా లోపల చీకటి చీకటిగానే ఉండాలి. ఆ చీకటిని ఆమె ఇన్నేళ్ళూ పసిపిల్లను పొదివి పట్టుకున్నట్టు కాపాడింది. ఇప్పుడు అందులో బల్బు పెడతాడట! తీగ ఎక్కడినుంచి లాగుతాడు? చెక్కకు బెజ్జం పెడతాడా?

"నాకొద్దు," అంది.

"ఏది వద్దు?"

"ఇచ్చింది వద్దు."

"దీనికేమైనా పట్టిందా?" అని పెద్దమ్మ గోడవైపు చూసి అడిగింది.

"నన్ను అడగండి పెదనాన్నా. ఏది కావాలీ అని నన్ను అడగండి. అప్పుడు చెబుతాను."

కింద రోడ్డు మీద ఎవరో రేకు తలుపు దించుతున్న చప్పుడు. షెడ్డులో ఆడవాళ్ళు ఈపాటికి చేతులు కడుక్కుని, జుట్లు సవరించుకుని ఎదురుచూస్తుంటారు. ఇక్కడ తను ఒక ప్రశ్న కోసం ఎదురుచూస్తోంది. ఒకే ఒక్క ప్రశ్న. జన్మలో ఎవరూ అడగని ప్రశ్న.

పెదనాన్న ఆమెను చూశాడు. కర్రను చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు.

"సరే... అడుగుతున్నా. ఏది కావాలి నీకు?"

"రెండూ."

నోట్లోంచి అలా వచ్చేసింది. తనే ఉలిక్కిపడింది.

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆశకు హద్దుండాలి చీకటమ్మా!"

"దాని మూత ఎటు తిప్పితే వస్తుందో నీకు తెలుసా? ఎప్పుడైనా ఒక్కసారి తీశావా?" ఆమె గొంతు వణికింది. వణికినందుకు ఆ గొంతు మీద కూడా కోపం వచ్చింది. "తుడిచింది నేను. చిల్లు పూడ్చింది నేను. పెళ్ళివాళ్ళ ఇళ్ళకు భుజం మీద మోసింది నేను. వానొస్తే గుడ్డ దానికి కప్పి నేను తడిశాను."

"ఒకటి చెప్పమ్మా," అన్నాడు పెదనాన్న.

ఒకటి.

ఇత్తడిది అంటే — అది బతుకుతుంది. దాని కడుపులో బల్బు పడదు. కానీ దాని కొలత ఫిల్మ్ ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. పెద్ద షీట్లు తెప్పించి కత్తిరించేసరికి షెడ్డుకి తాళం పడుతుంది. ఆడవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోతారు. అమ్మ మొహం ఎప్పటిలాగే ఎక్కడా ఉండదు.

బూడిదది అంటే — అమ్మ ఉంటుంది. అది దీపమవుతుంది.

ఒకదాన్ని కాపాడాలంటే రెండోదాన్ని వదులుకోవాలట. ఎవరు పెట్టారు ఈ షరతు? దేన్నీ వదులుకోనక్కర్లేనివాడు దర్జాగా అక్కడ నిలబడి తీగ ఎటు లాగాలో చూసుకుంటున్నాడు. దేన్నీ ముట్టుకోనివాడికి ఏ బాధా లేదు. ముట్టుకున్నవాళ్ళకే రెండు చేతులూ కోసుకునే అవస్థ. ఇదేం న్యాయం? ఇదేం పంపకం?

ఇత్తడి కెమెరా దగ్గరికి వెళ్ళింది. వెనక గాజు పక్కకు జరిపి, తిత్తి లోపలికి చెయ్యి పెట్టింది. మూడో మడతలో వేళ్ళకు తగిలింది — తను అతికించిన తోలు ముక్క. అంచు కాస్త లేచి ఉంది. గోటితో ఒక్కసారి లాగితే వచ్చేస్తుంది.

లాగలేదు.

అంచును బొటనవేలితో నొక్కింది. అంటుకునేదాకా నొక్కి పట్టుకుంది. రేపు లోపల బల్బు వెలిగినా ఆ చిల్లులోంచి వెలుతురు బయటికి రాదు. ఆమె పని అలాంటిది. చూసేవాళ్ళు లేకపోయినా అలాంటిదే.

"బూడిదది," అంది, వెనక్కి తిరక్కుండా.

ఊపిరి పీల్చుకున్నారందరూ. పెద్దమ్మ చేతులు తిప్పింది.

"దీనికా ఇంత రాద్ధాంతం! మొదట్నుంచీ నీకిస్తామన్నది అదేగా!"

అదే. సరిగ్గా అదే.

వాళ్ళకు ఏమీ జరగలేదు. ఏమీ మారలేదు. ఇవ్వడానికీ ఎంచుకోవడానికీ మధ్య ఎంత అగాధం ఉందో దూకిన మనిషికే తెలుస్తుంది. గట్టు మీద కూర్చున్నవాళ్ళకు అటూ ఇటూ నేలే కనిపిస్తుంది.

*

కెమెరా పెట్టెలో సర్దింది. ఫిల్మ్ హోల్డర్లు గుడ్డలో చుట్టింది. స్టాండు భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగింది.

"పెదనాన్నా... ఇత్తడిది అడిగుంటే ఇచ్చేవారా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలో మబ్బు ఒకటి ఎటూ కదలకుండా నిలబడి ఉంది.

"నువ్వు అడగవని తెలుసమ్మా," అన్నాడు.

మెత్తగా అన్నాడు. ముద్దుగా అన్నాడు. అంతకన్నా చెంప మీద కొడితే బాగుండేది.

మెట్ల మధ్యలో నిలబడిపోయింది. వెనక్కి వెళ్ళచ్చు. ఈ పెట్టె వాళ్ళ ముందు దించి, ఇత్తడిదాన్ని చంకనేసుకుని దిగచ్చు. అడగదని తెలుసా? అడిగి చూపించచ్చు! ఒక మెట్టు పైకి ఎక్కింది కూడా.

బరువు భుజాన్ని కోస్తోంది. కింద వెలుతురు పొడుగ్గా సాగుతోంది.

దిగింది. దిగుతున్నంతసేపూ తిట్టుకుంటూనే దిగింది. వాళ్ళనో, తననో... మెట్లకు తెలియదు.

*

షెడ్డులో ఆఖరి విడత బట్టలు ఇంకా ఉడుకుతున్నాయి. ఆవిరి. సబ్బు. పైకప్పు గాజు పలకల్లోంచి ఏటవాలుగా పడుతున్న వెలుతురు ఆవిరిలో తడిసి బరువెక్కింది. ఆడవాళ్ళు అప్పటికే వరసలు కట్టి ఉన్నారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో పొద్దున్నే పోట్లాడి తేల్చుకున్నారట.

అమ్మ వరసలోంచి బయటికొచ్చింది. నానిపోయి ముడతలు పడ్డ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మొహం అలా కందిపోయిందేమే? ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. చాలన్నారు."

అమ్మ ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకున్నట్టు నిలబడింది. దాని రుచి ఆమెకు కొత్త కాదు.

"స్టాండు పెట్టు," అంది. వెళ్ళి వెనక వరసలో నిలబడింది.

పెట్టింది. మూడు కాళ్ళూ తడినేల మీద జారకుండా బిగించింది. నల్లగుడ్డ తల మీద కప్పుకుంది.

చీకటి.

చీకటి చివర గాజు. గాజు మీద ఆడవాళ్ళు — తలకిందులుగా, వరసలు వరసలుగా, నవ్వుతూ, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ. ఆవిరి పైనుంచి కిందికి కారుతోంది, వానలా. ఎక్కడో ఆ వాన అడుగున అమ్మ మొహం.

స్పష్టంగా లేదు.

మర తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ముందు వరస తేలింది. మధ్య వరస తేలింది. అమ్మ మాత్రం మసకగానే ఉంది. ఆవిరి కమ్మిందా, గాజు చెమర్చిందా, తన కళ్ళే మండి నీళ్ళు తిరిగాయా... గుడ్డ కింద ఎలా తెలుస్తుంది?

"అయ్యిందా తల్లీ?" అని ఎవరో కేకేశారు.

ఆవిరి తగ్గేదాకా ఆగాలి. కోపం తగ్గేదాకా కూడా.

ఫోటో తీసే కేబుల్ మీట మీద బొటనవేలు పెట్టి, ఆ కాస్త వెలుతురుకేసి చూస్తూ నిలబడింది.