మైకులో చెప్పిన మాట

మా వాగులో ఇంజను పెట్టినవాణ్ణి నేను మనిషిగా చూడను. ఆరేళ్లుగా ఇదే నా పని, ఇదే నా మాట. పేరు అబ్దుల్ ఖాదర్. ఊళ్లో నీళ్ల ఖాదర్ అంటారు. అద్దంకికి పడమరగా మిరప చేలకీ పత్తి చేలకీ మధ్య నుంచి వచ్చే చిన్న వాగు మాది. గుట్టల దగ్గర పుట్టి, ఏడు చెక్‌డ్యాములు దాటి, మా ఊరి మడుగులో ఆగుతుంది. ఊరంతా తాగేది ఆ మడుగు నీళ్లే. బోరు నీళ్లు తాగినవాళ్ల గారపట్టిన పళ్లు చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. చెక్‌డ్యాముల్లో పూడిక తీయించడం, గట్ల మీద గడ్డి పెంచడం, ఇసుక తవ్వేవాళ్లను తరమడం, మోటారు వేసి కుళాయిలకు నీళ్లు వదలడం, ఇన్నిటికీ పంచాయతీ నన్నొక్కణ్ణే పెట్టింది.

పై చెక్‌డ్యాము నుంచి మడుగు దాకా ఇంజను పెట్టి తోడకూడదు, పురుగుమందు డ్రమ్ములు కడక్కూడదు. ఇది ఊరంతా కూర్చుని ఒప్పుకున్న మాట. ఒప్పుకోవడం వేరు, మిరపలో పురుగు పడ్డాక గుర్తుంచుకోవడం వేరు. రెండేళ్ల కిందట ప్రేమదాసు మడుగు గట్టున డ్రమ్ము దించి పైపు వేస్తుంటే, ఆ డ్రమ్మును కాలితో తన్ని చేలోకి దొర్లించాను. నాతో పాటు ఐదో తరగతి చదివినవాడు. గొడ్డుచాకిరీ చేసే కౌలురైతు. అయినా ఆగలేదు నా కాలు.

"నీ చేలో పురుగు పడ్డ రోజు చూస్తానురా ఖాదరూ!" అన్నాడు డ్రమ్ము వెనక పరిగెత్తుతూ.

"నా చేను ఎండిపోనీరా, నీళ్ల జోలికి మాత్రం పోను!" అని అరిచాను. చుట్టుపక్కల చేలవాళ్లంతా విన్నారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. ఎండాకాలంలో మడుగు మోకాటి లోతుకు వచ్చేస్తుంది. నీళ్లు పొదుపుగా వాడండి అని మైకులో ఎంత మొత్తుకున్నా, బండ్లు కడిగేవాడు కడుగుతూనే ఉంటాడు, గేదెలకు స్నానాలు చేయించేవాడు చేయిస్తూనే ఉంటాడు. మా ఊరు బతిమాలితే వినదు, భయపెడితే వింటుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. పంచాయతీ ఆఫీసులో మైకు పట్టుకుని, "ఈరోజు బ్లీచింగ్ ఎక్కువ పడింది, రేపటిదాకా ఎవరూ నీళ్లు తాగొద్దు, వాడొద్దు" అని చెప్పేవాణ్ణి. కుళాయిలన్నీ ఠక్కున కట్టేసేవాళ్లు. ఆ ఒక్కరోజుకి డబ్బా నీళ్లు కొనుక్కునేవాళ్లు. తెల్లారేసరికి మడుగులో జానెడు ఊట ఊరేది. ఇది అబద్ధమని తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే, నా భార్య రహమతున్నీసా. మొదటిసారి చెప్పినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అయితే నువ్వు మైకులో అరిచినప్పుడల్లా నేను ముందు పట్టుకోవాలన్నమాట" అంది. అలాగే పట్టేది. ఊరంతా కుళాయిలు కట్టేసుకుంటే మా ఇంట్లో బిందెలు నిండేవి. నాకూ నవ్వొచ్చేది.

పోయిన మాఘమాసంలో నా చేలో నల్ల తామర పురుగు పడింది. రెండెకరాల కౌలు. పూతలో చెయ్యి పెడితే వేళ్లకు పురుగు అంటుకొచ్చేది. చేలో బోరు అప్పటికి వారం కిందటే చచ్చిపోయింది. ఆ పొద్దున మందు కొట్టకపోతే చేను దక్కదు. మడుగు నా చేను గట్టునే ఉంది, ఎనిమిదింటప్పుడు చుట్టుపక్కల మనిషి లేడు. పక్క ఊరి బావమరిది దగ్గర ఇంజను తెచ్చి మడుగులో పెట్టాను.

ఈ పక్క అందరూ చేసే పనే నేనూ చేశాను. డ్రమ్ములో ముందు మందు పోశాను, పైపు అడుగుదాకా దించాను. అలా చేస్తే నీళ్ల తోపుకే మందు కలిసిపోతుంది, కర్రతో తిప్పే పనుండదు. డ్రమ్ము ముప్పాతిక నిండేసరికి ఫోను మోగింది. అంగన్‌వాడీ టీచరు మహిమ.

"ఖాదర్ గారూ, నీళ్లు రాలేదండీ. పిల్లలొచ్చేశారు, ఎసరు పెట్టాలి."

ఇంజను ఆపేశాను. పైపు తీయలేదు. మోటారు గది అక్కడికి రెండొందల అడుగులు. ట్యాంకు బీటలు వారి ఆరు నెలలైంది, అందుకని మోటారు నీళ్లు నేరుగా కుళాయిలకే వదులుతున్నాను. మోటారు వేసి, వాల్వు దగ్గర చెమ్మ కారుతుంటే గుడ్డ చుట్టి, అరగంటకి తిరిగొచ్చాను.

డ్రమ్ము ఖాళీగా ఉంది. ఎవడో పారబోశాడనుకుని ఒక బూతు కూడా తిట్టాను. తర్వాత మడుగు చూశాను. ఇంజను పైపు దగ్గర నుంచి మోటారు పైపు దాకా నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. ఇంజను ఆగగానే డ్రమ్ములో మందంతా అదే పైపులోంచి వెనక్కి మడుగులోకి దిగిపోయింది. ఈ సంగతి ఊరివాళ్లకి ఆరేళ్లుగా చెప్పింది నేనే. పైపు కొస డ్రమ్ము నీళ్లలో ముంచొద్దురా, వెనక్కి లాగుతుందిరా అని గొంతు చించుకున్నది నేనే.

పరుగెత్తి మోటారు ఆపాను. అక్కణ్ణుంచి పంచాయతీ ఆఫీసుకి పరుగెత్తాను. మైకు చేతిలోకి తీసుకున్నాను. పురుగుమందు కలిసింది అంటే ఎవరు కలిపారు అంటారు. ప్రేమదాసు మొహం కనపడింది. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"బ్లీచింగ్ ఎక్కువ పడింది! ఎవరూ నీళ్లు తాగొద్దు! పట్టిన నీళ్లు పారబోయండి!"

మూడుసార్లు చెప్పాను. తర్వాత ఊరి చివర వాల్వు విప్పి పైపుల్లో నీళ్లన్నీ చేలోకి వదులుతూ కూర్చున్నాను. మహిమకి ఫోను చేసి ఎసరు పారబోయించాను. బడికి ఫోను చేశాను. ఊరంతా గుర్తొచ్చింది నాకు. నా ఇల్లు గుర్తు రాలేదు.

పదకొండింటికి ప్రేమదాసు ఆటో వేసుకుని నా దగ్గరికే వచ్చాడు. పొలం పని లేనప్పుడు ఆటో తోలుతాడు వాడు. వెనక సీట్లో రహమతున్నీసా. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట. "వాకిట్లో పడిపోయిందిరా, ఎక్కు" అన్నాడు.

అద్దంకి ఆసుపత్రిలో డాక్టరు ఆమె కళ్లు విప్పి చూశాడు. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి.

"పురుగుమందు లాగుంది. ఏ మందు తాగింది? పేరు చెప్పండి, సీసా ఉంటే తెప్పించండి."

ప్రేమదాసు నా పక్కనే నిలబడి ఉన్నాడు. సీసా చేలో, నేను మొక్కల మధ్యకి లాగి దాచిన ఇంజను పక్కన, నా పాత చొక్కా కింద ఉంది, పేరు నాకు నోటికొచ్చు.

"తెలీదండీ" అన్నాను.

ఏదో ఇంజెక్షను చేసి ఒంగోలు తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో ఆమె తల నా ఒళ్లో ఉంది. మేదరమెట్ల దాటాక కాస్త తెలివొచ్చింది. నన్ను చూసి నవ్వబోయింది.

"నువ్వు మైకులో చెప్పగానే రెండు బిందెలు పట్టానయ్యా. మన వీధి పల్లం కదా, మోటారు ఆపినా వస్తాయి. దాహంగా ఉంటే రెండు గ్లాసులు తాగాను. వాసనొచ్చింది. జనం నమ్మాలని ఈసారి నిజంగానే కాస్త బ్లీచింగ్ చల్లావనుకున్నా."

మళ్లీ తెలివి తప్పింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. ఒంగోల్లో స్ట్రెచరు దించకముందే మందు పేరు గట్టిగా అరిచి చెప్పాను. ఆ డాక్టరమ్మ రాసుకుని, "ఈ మాట మొదటే చెప్పాల్సిందండీ" అంది. మూడో రోజు పొద్దున రహమతున్నీసా చనిపోయింది.

ఖబరస్తాను నుంచి వచ్చేసరికి ఊరు నా వాకిట్లో ఉంది. పురుగుమందని ఆసుపత్రిలో తేలింది కాబట్టి, ఎవడో పైన ఇంజను పెట్టి మందు కలిపాడని, నేను కనిపెట్టి ఊరిని కాపాడానని, నా ఇంటిదాన్నే కాపాడుకోలేకపోయానని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారు. మహిమ నా చేతులు పట్టుకుంది. "ఇరవై ముగ్గురు పిల్లలండీ. అన్నం పొయ్యి మీదుంది ఆ టైముకి. మీ పేరు చెప్పి ప్రార్థన చేశాం" అంటూ ఏడ్చింది. సర్పంచి జయరావు, "వాడెవడో దొరకనీ ఖాదరూ, తోలు వలుస్తాం" అన్నాడు. ప్రేమదాసు మాత్రం గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. అంబులెన్సు వెనకే ఆటోలో ఒంగోలు వచ్చినవాడు వాడు. నేను అరిచిన మందు పేరు విన్నాడు. ఎవరితోనూ చెప్పలేదు. వాడు ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఇంకా కొన్నాళ్లు నోరు మూసుకునేవాణ్ణేమో.

వెళ్లి మైకు పట్టుకున్నాను. ఇంజను నాదే అన్నాను. డ్రమ్ము, పైపు, ఫోను, అన్నీ వరసగా చెప్పాను. ఎండాకాలం అబద్ధం కూడా చెప్పాను. అద్దంకిలో తెలీదన్న మాట చెప్పాను. ఆఫీసు బయటికొస్తే వీధిలో మనుషులు పక్కకి తప్పుకున్నారు. మహిమ అంగన్‌వాడీ మెట్ల మీద నిలబడి నావైపు చూడలేదు.

ఇరవై రోజులు మడుగు తోడిపోశారు, ఒండ్రు తీశారు, రెండుసార్లు ఒంగోలులో నీళ్లు పరీక్ష చేయించారు. బాగున్నాయని కాగితం వచ్చింది. నా చోట ఇంకా ఎవర్నీ పెట్టలేదు. మైకులో నువ్వే చెప్పు, మోటారు నువ్వే వెయ్యి, ఇదే నీ ఆఖరి పని అన్నాడు జయరావు. "నీళ్లు బాగున్నాయి, తాగొచ్చు" అని మూడుసార్లు చెప్పి, మోటారు వేసి, మా వీధికి వచ్చాను.

ఎవరూ కుళాయి తిప్పలేదు. అరుగుల మీద జనం నిలబడి చూస్తున్నారు. నేను మా వాకిట్లో బోర్లించి ఉన్న ఆమె బిందె తీసి, కుళాయి కింద పెట్టి తిప్పాను.