వంటింటి కింది పైపు

వానలు పట్టుకున్న మూడో వారం ధనంజయ ఇంట్లో లెట్రిన్ మళ్ళీ నిండింది. ఎన్ని నీళ్ళు పోసినా కిందికి దిగకుండా అంచుదాకా పైకొచ్చాయి. పంకజాక్షి తలుపు మూసి వచ్చి, భర్త అంగడికి బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నెమ్మదిగా చెప్పింది.

"మళ్ళా అడ్డం పడినట్టుండాది."

ధనంజయ తిరుపతిలో ఒక స్టీలు సామాన్ల అంగడిలో పని చేసేవాడు. వయసు యాభైకి దగ్గర. మొదటి భార్య ఆనందమ్మ కామెర్లొచ్చి పోయిన తర్వాత ఎనిమిదేళ్ళు ఒంటరిగా ఉన్నాడు. పంకజాక్షిది పూతలపట్టు. మంచంపట్టిన నాయనకు సేవ చేస్తూ చేస్తూ పెళ్ళి వయసు దాటిపోయింది. ఆయన పోయాక అన్న మునిరత్నం ఈ సంబంధం తెచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, కొండమీద, పదిమంది చుట్టాల మధ్య ఆమె మెడలో తాళి పడింది. ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఇద్దరూ ఒకరి పట్ల ఒకరు చాలా మర్యాదగా ఉండేవారు, చుట్టమొచ్చినప్పుడు ఉన్నట్టు.

ఆ సాయంత్రం పైపుల మేస్త్రీ ఆదిమూలం వచ్చాడు. ఆ సందులోకి భూగర్భ డ్రైనేజీ వచ్చిన కొత్తలో ఈ ఇంటికి గొట్టాలు వేసింది అతనే. పొడుగాటి వెదురుబద్ద లోపలికి తోసి, పొడిచి, బయటికి లాగి చూశాడు. కొసన ఎర్రమన్ను అంటుకుంది.

"గొట్టం పగిలింది సామీ. మన్ను లోపలికి దిగతా ఉండాది. ఇట్ల పొడస్తా పోతే రెండు నెల్లకోసారి నన్ను పిలవల్సిందే."

"పగిలింది యాడ?"

ఆదిమూలం వెదురుబద్దను అదే పొడుగున నేలమీద పరిచాడు. అది వసారా దాటి, వంటింట్లోకి వచ్చి, గచ్చు నడిమధ్య ఆగింది. అక్కడ ఎర్ర సిమెంటులో పచ్చ, నీలం గాజుముక్కలు పొదిగిన తామరపువ్వు ఉంది.

ధనంజయ ఆ పువ్వు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఎంతవతాది?" అన్నాడు.

"ఈడ తవ్వి కొత్త గొట్టాలేసి, మళ్ళా గచ్చు చేసేదానికి అంతా కలిపి ఎనిమిదొందలు. వంటిల్లు ముట్టుకోకుండా పెరట్లోనించి ఇంటిని చుట్టుకోని రోడ్డుకు కలపల్లంటే గొట్టాలు రెండింతలు, గుంతలు రెండింతలు. పదైదొందలకు తక్కువ గాదు."

"చుట్టే తీసకపోదాం" అన్నాడు ధనంజయ వెంటనే.

పంకజాక్షి ఆశ్చర్యపోయింది. అతని జీతం అయిదువందల యాభై. బస్సు చార్జీ మిగులుతుందని అలిపిరి దాకా అయినా నడిచిపోయే మనిషి.

"అంత దుడ్డు యాడుండాది మనకాడ?" అంది.

"వచ్చే నెల చీటీ పాడుకుంటాను. అంతదాకా ఓర్చుకోవల్ల. వంటింట్లో తవ్వితే దుమ్ము, నీకు ఇబ్బంది" అని చెప్పి, అతను గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆదిమూలం సామాన్లు సర్దుకుంటూ ఆగాడు. "దుమ్ము కోసరం గాదమ్మా. ఆ పువ్వు ఆనందమ్మక్క చేసింది. మేము గొట్టం పూడ్చి గచ్చు పోసిన దినం, తడి ఆరకముందే పగిలిపోయిన గాజులన్నీ పోగేసుకోనొచ్చి కూసోని ఒక్కొక్కటే అద్దింది. వొద్దంటే ఇనలేదు."

ధనంజయ ఎప్పుడూ ఆ పువ్వు పక్కనుంచే నడవడం పంకజాక్షి గమనించింది. ముగ్గు తొక్కకూడదన్న పట్టింపు అనుకుంది. రోజూ ఆ పువ్వును తడిగుడ్డతో తుడుస్తోంది, ఎవరు చేశారని ఒక్కరోజూ అడగలేదు. ముందు గదిలో ఉన్న ఆనందమ్మ పటానికి శుక్రవారం పూలు పెడుతుంది. కానీ ఆ పేరు వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. మనసులో ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు ఆ గాజుముక్కల్ని చూసింది. సన్నటి చేతుల గాజులు. చూసేకొద్దీ ఆ గుచ్చుకోవడం తగ్గి, చేసినామె మీద జాలి కలిగింది.

మర్నాటినుంచి ఆమె పక్కింటి జ్ఞానాంబ ఇంటికి పోవాల్సి వచ్చింది. ధనంజయ అంగడి దగ్గర ఏదో ఒకటి చూసుకునేవాడు. జ్ఞానాంబ మంచిదే, కానీ ఆ ఇంట్లో ఏడుగురు. చెంబు పట్టుకుని ఆ ఇంటి మగవాళ్ళ ముందునుంచి పెరట్లోకి నడవాలంటే పంకజాక్షికి ప్రాణం చచ్చిపోయేది. తెల్లారకముందే ఒకసారి వెళ్ళి వచ్చేది. తర్వాత పగలంతా అవసరం పడకుండా నీళ్ళు తాగడం మానేసింది. దాహం వేస్తే నోరు పుక్కిలించి ఊసేది. ఈ సంగతి భర్తకు తెలియనివ్వలేదు.

రెండు వారాలకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే, పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. ధనంజయ అంగడి మానేసి రిక్షాలో ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. డాక్టరమ్మ చూసి మూత్రంలో చీము పడిందంది.

"నీళ్ళు తాగడంలేదా?" అని గదమాయించింది.

పంకజాక్షి తల వంచుకుంది.

"తాగతాది గదమ్మా" అన్నాడు ధనంజయ. అన్నాక భార్య ముఖం చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అతనికి అర్థమైంది. ఇంటికొచ్చి మాత్రలు మింగించి, గ్లాసు నీళ్ళు మొత్తం తాగేదాకా పక్కనే కూర్చున్నాడు.

"ఇంకో గ్లాసు" అన్నాడు.

"మళ్ళా పోవల్సొస్తాది."

"రానీ. నేను తోడొస్తాను. ఆ ఇంటోళ్ళందరినీ బయటికి పంపిస్తాను."

జ్వరంలోనే ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున వంటింట్లో మాటలు వినిపించి పంకజాక్షి లేచింది. గోడ పట్టుకుని వచ్చి చూస్తే, ఆదిమూలం గడ్డపార పట్టుకుని పువ్వు దగ్గర నిలబడి ఉన్నాడు. సామాన్లన్నీ వసారాలోకి చేరాయి.

"ఆగన్నా!" అంది ఆమె. భర్త వైపు తిరిగింది. "అది ఆయమ్మ చేసిన పువ్వు. నాకు తెలుసు. చీటీ వచ్చేదాకా ఉంటాను. నాకేం కాదు."

ధనంజయ తల అడ్డంగా ఊపాడు. "పోయినామె గచ్చు కోసరం ఉన్నదాన్ని నీళ్ళకు మాడ్చినాను. ఆనందమ్మ ఉండింటే నా నెత్తిన మొట్టేది. నువ్వు పక్కకురా పంకజా."

పెళ్ళయ్యాక అతను పేరు కుదించి పిలవడం అదే మొదటిసారి. ఆమె పక్కకు జరిగింది. కానీ ఊరుకోలేదు. ఉలి పెట్టి చుట్టూ కొట్టి, పువ్వును ఒకే పలకగా లేపడానికి వీలవుతుందేమో చూడమంది. ఆదిమూలం గంటసేపు ఓపిగ్గా చెక్కాడు. లేపబోయేసరికి నడిమికి విరిగింది, ఆ తర్వాత పొడిపొడిగా రాలింది.

"పాత సిమెంటు తల్లీ. నిలవదు" అన్నాడు బాధగా.

ధనంజయ వంగి ముక్కలన్నీ తనే గంపలోకి ఎత్తి, పెరట్లో కనకాంబరం చెట్ల మొదట్లో పోసి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది. పంకజాక్షి ఆ వైపు చూడకుండా ఉండిపోయింది.

నాలుగడుగుల లోతున గొట్టం బయటపడింది. కింద మన్ను కుంగి, రెండు అతుకులు విడిపోయి, ఒక గొట్టం నిలువునా చీలింది. ఆదిమూలం, అతని తమ్ముడు రెండు రోజుల్లో కొత్త గొట్టాలు దించి, కింద కాంక్రీటు పరిచి, అతుకులు గట్టిగా కట్టారు. మూడోనాడు లెట్రిన్‌లో పోసిన బిందెడు నీళ్ళు గుడగుడమంటూ దిగిపోతుంటే నలుగురూ నిలబడి విన్నారు.

గచ్చు పోసే ముందు పంకజాక్షి అంది, "పువ్వు మళ్ళా వేద్దామా? ఎట్లుండిందో నాకు గుర్తుండాది. నా కాడ పాత గాజులుండాయి."

"వొద్దు" అన్నాడు ధనంజయ. "అది ఆమె ముచ్చటపడి చేసుకునింది. నువ్వు దాన్ని మొయ్యాల్సిన పనిలేదు. ఇది నీ వంటిల్లు. నీకేం కావల్లో చెప్పు."

ఆమె తడబడింది. పుట్టింట్లో గానీ ఇక్కడ గానీ ఆమెను అలా ఎవరూ అడగలేదు. ఏమీ వద్దని నోటిదాకా వచ్చింది. ఆపుకుంది.

"మోకాళ్ళు నొప్పులు" అంది సిగ్గుపడుతూ. "నాయన్ను లేపీ కూసోబెట్టీ అరిగిపోయినాయి. పొయ్యి కాడ కూసోని లేయాలంటే కష్టంగా ఉండాది. ఆ కిటికీ కింద గట్టు కట్టిస్తే... నిలబడి వండుకుంటాను."

"ఇన్నాళ్ళూ యాల చెప్పలేదు?"

"మీరడగలేదు గదా."

"గట్టుకు ఇంకో నూటయాభై అవతాది సామీ" అన్నాడు ఆదిమూలం, సిమెంటు కలుపుతూనే.

"కట్టేయప్పా" అన్నాడు ధనంజయ.

అంతా కలిపి తొమ్మిదివందల యాభై అయింది. సగం చేతిలో ఉన్నది ఇచ్చి, మిగతాది చీటీ వచ్చాక ఇస్తానంటే ఆదిమూలం సరేనన్నాడు.

గచ్చు ఆరి, గట్టు గట్టిపడిన ఆదివారం పంకజాక్షి కిరసనాయిలు స్టవ్వు పైన పెట్టుకుని, నిలబడి మొదటిసారి వంట చేసింది. వాన వెలిసింది. కిటికీలోంచి దూరంగా కొండ, దానిమీద మబ్బు కనిపిస్తున్నాయి. చింతపండు పులుసు కాగుతుంటే ధనంజయ వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. ఇదివరకు ఎప్పుడూ అన్నానికి పిలిస్తేనే ఆ గదిలోకి వచ్చేవాడు.

"ఆయమ్మ బాగా వండేదా?" అంది ఆమె, పులుసు కలుపుతూ.

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత మెల్లగా ముఖంలోకి నవ్వొచ్చింది.

"వంటా? అబ్బే. ఉప్పు వేసినానో లేదో గుర్తులేదని రెండుసార్లు వేసేది. ఒకసారి మా మామ వచ్చినప్పుడు..."

అని మొదలుపెట్టాడు. మామ పాయసంలో కారం ఎలా పడిందో, ఆయన ఏమీ అనలేక గ్లాసంతా ఎలా తాగాడో చెప్పాడు. పంకజాక్షి గరిటె పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను ఇంకోటి చెప్పాడు. ఆనందమ్మ జబ్బు సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గింది. ఆమె స్టవ్వు మంట తగ్గించి, అతని చేతి పక్కన చెయ్యి పెట్టి విన్నది.

"ఆకలేస్తా ఉంటాది మీకు. వడ్డించేదా?" అంది కాసేపటికి.

"ఉండు, ఇది ఇను ముందు" అన్నాడు ధనంజయ.