రెండో న్యాయం

నేను ఒక వేలిని. నా వెనుక చెయ్యి లేదు, జానెడు వేపపుల్ల ఉంది. తెనాలి వైపు ఒక పల్లెలో, యూదుల ప్రార్థనా మందిరం కోసం వడ్రంగి ఎలీషా నన్ను చెక్కాడు. ధర్మశాస్త్ర గ్రంథపు చుట్టను ఒట్టి చేత్తో తాకకూడదు. అందుకని చదివేవాళ్లు నాతోనే వరుస చూపుకుంటూ పోతారు. నన్ను చెక్కిన ఏడాదికే ఎలీషా పోయాడు. అతని భార్య రాహేలమ్మ మందిరం ఊడ్చి, నన్ను పైటచెంగుతో తుడిచి పెట్టేది.

చదివే పెద్దాయన యెహెజ్కేలు తాత. ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తే నన్ను అక్కడ ఆపేస్తాడు. "దేవుడు ఊరికే మాట్లాడడర్రా. 'అబ్రాహామూ, అబ్రాహామూ' అన్నాడంటే ఒక పిలుపు ఆయనకి, రెండోది ఆయన తర్వాత పుట్టిన మనకి" అంటాడు.

ఒక శనివారం తాత నన్ను మందిరంలోని బీరువా మీద పెట్టి మరిచిపోయాడు. ఎలుక తోస్తే వెనక పడ్డాను. మరుసటి శనివారం చీపురుపుల్లతో చదివాడు. "న్యాయాన్ని, న్యాయాన్ని వెంబడించు" అన్న చోట ఆగాడు.

"మొదటి న్యాయం మనం చేరాల్సిన చోటు. రెండోది పోయే దారి. మంచికైనా సరే, అడ్డదారిన పోకూడదు."

అందరూ తలలూపారు. తల ఉంటే నేనూ ఊపేదాన్నే.

మర్నాడే తాత కోడలు దీనమ్మ రాహేలమ్మ గురించి అంది: "మొగుడు చెక్కింది గదా, గుర్తుగా దాచుకుని ఉంటది."

రాహేలమ్మ మిరపకోతకు పోయిన వేళ తాళం పగలగొట్టి ఆమె పెట్టె వెతికారు. దగ్గరుండి వెతికించింది తాతే. ఎలీషా చొక్కా ఒకటి దొరికిందట. నేను దొరకలేదు. అయినా "ఎక్కడ పెట్టిందో" అనే చెప్పుకున్నారు.

సాయంత్రం రాహేలమ్మ మందిరానికి వచ్చింది. "మావా, అడిగితే పెట్టె నేనే తీసి చూపించేదాన్ని గదా?"

"అడిగితే అప్పటికప్పుడు చోటు మార్చేస్తావేమోనని!" అంది దీనమ్మ. తాత నేలచూపు చూశాడు.

నేను ఆమెకు మూరెడు దూరంలోనే ఉన్నాను. చూపడమే నా పని. నన్ను నేను చూపించుకోవడం మాత్రం రాలేదు. ఆమె మందిరం తాళంచెవి గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

సున్నం వేసేటప్పుడు బీరువా జరిపారు. "ఓర్నీ, ఇక్కడే ఉందిరోయ్!" అని నవ్వారు. తాత నవ్వలేదు. నన్ను తువ్వాల్లో చుట్టుకుని రాహేలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"దొరికిందమ్మా. నువ్వు తియ్యలేదు. మళ్లీ మందిరానికి రా."

"తియ్యలేదని నాకెప్పుడూ తెలుసు మావా" అందామె. "ఒక మాట చెప్పు. అది నా పెట్టెలోనే దొరికుంటే, తాళం పగలగొట్టడం ఒప్పయిపోయేదా?"

తాత నన్ను ఆమె చేతికివ్వబోయాడు. తువ్వాలు విప్పాడు. నా కొస తిన్నగా ఆమె వైపు తిరిగింది, నేరం మోపుతున్నట్టు. వెనక్కి, తాత వైపు తిరుగుదామని చూశాను. నా వల్ల కాలేదు.